చాంతాడంత జాబితా



ఈ పుటలో నెలనెల గృహమునకు సంబంధించిన పని నేదో యొకదానిని ముచ్చటించుకొనుచున్నాము. ఈ నెల నేనెత్తుకొనుచున్న విషయము గృహకృత్యమే యగునా యని మీలో కొందరు సంశయింపవచ్చును. కంప్యూటరులో చాంతాడంత పొడవున సాగిన జాబితాను క్రమపరచుట యెట్లు, అందులో దారి తప్పక తిరుగుట యెట్లు అనునదియే ఆ విషయము. పొదుపు సంఘముల పద్దులు, చీరల దుకాణపు అరువు ఖాతాలు, పచ్చళ్లు పంపువారి చిరునామాలు, బడిపిల్లల మార్కులు, ఇవి యన్నియు నేడు పెక్కుచోట్ల స్త్రీల చేతులమీదుగనే నడచుచున్నవి. పెట్టె నప్పగించి పని నేర్పక పోవువారికి మాత్రము కొదువ లేదు. నేను నేర్చినది చెప్పెదను. అందు కొంత నష్టపడి నేర్చినది.

ఎక్సెలు అను గడుల పట్టికను మీలో పెక్కండ్రు చూచియే యుందురు. 1979 లో అమెరికాలో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనువారు వీసికాల్క్ అను పేర నిట్టి పట్టికను సంతకు దెచ్చిరి. ఎక్సెలు 1985 లో వెలువడినది. లిబ్రే ఆఫీసు, గూగుల్ షీట్సు అనునవియు నా జాతివే. మీటల పేర్లలో అక్కడక్కడ భేదమున్నను, పని యొక్కటియే.

చిన్ననాట మా తాతగారు నాకు అమరము చెప్పినప్పుడు, ఈ మాటలన్నియు అకారాదిగా నేల లేవని యడిగితిని. అమరసింహుడు స్వర్గవర్గముతో నారంభించి, మాటలను వాని యర్థముల గుంపులనుబట్టి కూర్చినాడు. చెట్లొకచోట, మృగములొకచోట, మనుష్యులొకచోట. అందుకు తాతగారు నవ్వి, మూడవ కాండలోని నానార్థవర్గమును దీసి చూపిరి. అక్కడ క్రమము వేరు. కకారముతో ముగియు మాటలు ముందు, ఖకారముతో ముగియునవి పిదప, ఇట్లు కడపటి హల్లునుబట్టి నడచును. ఒక్క గ్రంథములోనే ఒక్క కర్త రెండు క్రమములను బాటించుటకు గారణమేమన, వెదకువాని యవసరము రెండు చోట్లను రెండు విధములుగా నుండుటయే. బహుజనపల్లి సీతారామాచార్యులవారు 1885 లో వెలువరించిన శబ్దరత్నాకరము అకారాదిక్రమమున నున్నది. మాట తెలిసి యర్థము తెలియనివానికి అదియే దారి. తాటియాకుమీదనో కాగితముమీదనో ఒకమారు వ్రాసిన క్రమము వ్రాసినట్లే యుండును. వేరు క్రమము గావలెనన్న మరల మొదటినుండి వ్రాయవలసినదే. కంప్యూటరులోనన్ననో ఒక్క జాబితాయే ఉదయము పేర్లవారీగాను, మధ్యాహ్నము వీథులవారీగాను, సాయంకాలము బాకీలవారీగాను నిలుచును. సౌకర్యమంతయు నిందే కలదు, ప్రమాదమును ఇందే కలదు.

ఆ ప్రమాదము నాకెట్లు సంభవించినదో చెప్పెదను. మావారు బడిపంతులు. ఇంటనున్న కంప్యూటరు వారి మార్కుల పట్టికలకై వచ్చినదే గాని, మా పేటలోని స్త్రీల పొదుపు సంఘముల జాబితా నా పాలబడిన నాటినుండి సగము దినము నాయొద్దనే యుండును. ఆ జాబితాలో 412 మంది గలరు. ఎడమవైపున వరుస సంఖ్య, పేరు, భర్తపేరు లేక తండ్రిపేరు, వీథి. కుడివైపున పాసుపుస్తకపు సంఖ్య, పొదుపు మొత్తము, అప్పులో మిగిలిన బాకీ. ఈ రెండు భాగములకును నడుమ అందమునకై ఒక నిలువు వరుసను ఖాళీగా విడిచితిని. కాగితపు ఖాతాలలో ఎర్రగీత గీచి కాస్త చోటు విడుచుట అలవాటు గదా, ఆ యలవాటే యిక్కడను జూపితిని.

కూటమిలో పేర్లు పిలుచుటకు అకారాదిగా నున్న బాగుండునని, ఒకనాటి సాయంకాలము ఒక పేరుమీద గుర్తు నుంచి, సార్టు అను మీటను నొక్కితిని. రెప్పపాటులో పేర్లన్నియు బుద్ధిగా వరుసకు వచ్చినవి. నా సంతోషమునకు మేర లేదు. వరుస సంఖ్యలు మాత్రము 87, 12, 305 అని చిందరవందరయై నా కంటికి నలుసువలె దోచినవి. వానిని దుడిచి 1 మొదలు 412 వరకు తిరిగి చక్కగా వేసితిని. అంతలో పొయ్యిమీది పాలు పొంగు చప్పుడైనది. పట్టికను దాచి, మూసి, లేచిపోతిని.

ఆదివారపు కూటమిలో బాకీల పట్టిక చదువబడినది. నాలుగిండ్లలో అంట్లు తోమి బ్రతుకు ఒక వృద్ధురాలు, వితంతువు, తన పేరెదుట 14,500 రూపాయల బాకీ యున్నదని విని లేచి నిలుచుండెను. "కడపటి కిస్తు కట్టి రెండు నెలలాయె గదమ్మా! పంతులుగారి యింట వ్రాసిన లెక్క తప్పునా? నలుగురిలో నన్ను ఎగవేసినదానిని జేసితివా, తల్లీ?" అని యామె యడిగినప్పుడు నాకు నోట మాట రాలేదు. ఆమె వెనుక మరి ముగ్గురు లేచిరి. ఏమియు మాటాడనివారును గలరు. వారి పేరెదుట సున్న యున్నది. వారిని నేను నిందింపను.

జరిగిన దేమన, ఎక్సెలు ఒక గడినుండి నాలుగు దిక్కులకును జూచి, ఖాళీ లేక యల్లుకొనియున్నంత మేరయే ఒక జాబితా యని తలచును. పూర్తిగా ఖాళీయైన నిలువు వరుస దానికి గోడవంటిది. నేను అందమునకై విడిచిన యా వరుసయే గోడయై, ఎడమనున్న పేర్లు కదలినవి, కుడినున్న బాకీలు కదలలేదు. ఒకరి పేరు మరియొకరి యప్పు ప్రక్కకు జేరినది. గోడ లేనిచోట, ఒక్క నిలువు వరుసను మాత్రము పూర్తిగా పట్టుకొని సార్టు నొక్కినయెడల, ప్రక్కన నున్నవానినిగూడ కలుపుకొందునా, దీనిని మాత్రమే కదలింతునా యని అది యొక ప్రశ్న వేయును. ఆ ప్రశ్నను చదువక రెండవదానికి ఊకొట్టినవారికిని నా గతియే పట్టును. నాకు ఆ ప్రశ్నయు రాలేదు.

వెంటనే కనుగొనియుంటినా, కంట్రోలు మీటతో జెడ్ అక్షరమును నొక్కిన చేసినది చేయనట్లగును. మూసి మరునాడు తెరచినపుడు ఆ యవకాశ ముండదు. అప్పటికిని ఒక యుపాయము మిగిలియే యుండెను: ఆ చెదరిన వరుస సంఖ్యలు! పేర్లతోపాటు కదలిన యా సంఖ్యలనుబట్టి ఎడమ భాగమును మరల క్రమపరచినచో ప్రతి పేరును తన తొంటి చోటికి బోయి, తన బాకీని గలసికొనియుండెడిది. అవి నేను తుడిచివేసితిని! నలుసని తలచి నేను దీసివేసినది కంటిపాపయే.

కాగితపు దస్తరము లుండబట్టి బ్రతికితిమి. రెండు రాత్రులు మావారు పాసుపుస్తకముల సంఖ్యలు చదువుచుండ, నేను పేరుపేరును సరిచూచితిని. తరువాతి కూటమిలో తప్పు నాదేయని అందరియెదుటను జెప్పి, ఆమె చేతులు పట్టుకొంటిని.

ఆ నాటినుండి నేను తప్పక పాటించునవి కొన్ని గలవు. జాబితా నడుమ ఖాళీ వరుసను, అడ్డముగాగాని నిలువుగాగాని, విడువను. చోటు గావలెనన్న గడినే వెడల్పు చేయుదును. రెండు మూడు గడులను గలిపి యొకటి చేయు సొగసును మానితిని. అట్టి గడులు నడుమ నున్న సార్టు మొరాయించును. మొదట వేసిన వరుస సంఖ్య జాబితా యున్నంతకాలము మార్పు లేక యుండవలయును. పిలుచుకొనుటకు వేరు సంఖ్య కావలెనన్న ప్రక్కన మరియొక నిలువు వరుసను వేసికొనవచ్చును. పాసుపుస్తకపు సంఖ్యను పేరును ఆనుకొనియే యుంచుదును. క్రమపరచుటకు ముందు ఒక నకలు తీసి, దానికి తేదీతో పేరు పెట్టుదును. క్రమపరచిన పిదప, నాకు బాగుగా దెలిసిన ముగ్గురి వరుసలను వెదకి, ఎదుట నున్నవి వారివేనా యని చూతును. ఈ కడపటిది ఒక్క నిమిషపు పని. ఆనాడు అది చేసియుంటినా, ఆమె లేచి నిలువవలసిన పనియే యుండదు.

ఇక జాబితాలో దిరుగుటను గూర్చి. చుంచుబొమ్మ చక్రమును ద్రిప్పి త్రిప్పి వ్రేలు నొప్పి పుట్టువరకు క్రిందికి బోవువారిని చూచుచున్నాను. కంట్రోలు మీటను పట్టి క్రింది బాణపు మీటను నొక్కిన, నిండిన గడులు ముగియుచోటికి ఒక్క దూకున జేరుదుము. నడుమ నొక గడి ఖాళీగా నున్న అక్కడనే యాగును. వ్రాయక మరచిన గడి యేదో తెలియుటకు ఇదియు నొక సాధనమే. కంట్రోలుతో హోమ్ అను మీటను నొక్కిన మొదటికి, ఎండ్ అను మీటను నొక్కిన కడపటికి వత్తుము. పేరు తెలిసియున్న కంట్రోలుతో ఎఫ్ నొక్కి, పేరులో మూడక్షరములు వ్రాసిన చాలును.

క్రిందికి బోయినకొలదియు మీది శీర్షికలు కనుమరుగై, ఏది పొదుపో యేది బాకీయో తెలియకపోవుట మరియొక చిక్కు. శీర్షికకు సరిగా క్రింద, పేరుకు సరిగా కుడిప్రక్క నున్న గడిమీద గుర్తు నుంచి, వ్యూ అను చోట ఫ్రీజు పేన్సు అనుదానిని నొక్కుడు. మీది శీర్షికలును ఎడమనున్న పేర్లును కదలక నిలుచును, తక్కినదంతయు వాని క్రిందుగా సాగును. కాగితముమీద అచ్చు తీయునపుడు ప్రతి పుటకును శీర్షిక రావలెనన్న ఇది చాలదు. పేజి లేయవుటు అనుచోట ప్రింటు టైటిల్సు అనునది వేరుగా గలదు.

ఖాళీ పట్టికలో కంట్రోలుతో క్రింది బాణమును నొక్కి చూడుడు, 10,48,576 వ వరుసకు బోయి నిలుచును. అది 2007 నుండి ఎక్సెలునకు హద్దు. అంతకుముందు 65,536 వరుసలే యుండెడివి. ఎంత పెద్ద సంఘమునకైనను ఇది చాలునని మీరనవచ్చును. 2020 లో కరోనా వ్యాపించినపుడు ఇంగ్లాండులో ప్రజారోగ్య శాఖవారు పరీక్షల ఫలితములను ఎక్సెలు యొక్క పాత పద్ధతి దస్తరములలోనికి దెచ్చుకొనుచుండిరి. ఆ పాత హద్దు నిండగా, మిగిలిన వరుసలు చేరక పోయినవి. సెప్టెంబరు 25 మొదలు అక్టోబరు 2 వరకు 15,841 మంది రోగుల లెక్క ఆయా దినముల మొత్తములలో జేరలేదు. వారి ప్రక్కన మసలినవారిని వెదకి హెచ్చరించుటయు ఆలస్యమైనది. కావున జాబితాను ఒకచోటినుండి యొకచోటికి దెచ్చునపుడు, అక్కడ నెందరు, ఇక్కడ నెందరు అని కడపటి వరుసకు బోయి యెంచి చూచుకొనవలయును. పెండ్లికి బంతులు లేచినపుడు విస్తళ్లు లెక్కించుకొనుమని మా అత్తగారనుట యిట్టిదే.

క్రమపరచుటలో ఒక్క యంశముతో ఆగనక్కరలేదు. డేటా అనుచోట సార్టు తెరచినచో, ముందు వీథి, అందులో పేరు, అందులో బాకీ యని యంతరువులు చేర్చుకొనవచ్చును. పూర్వము మూడు యంతరువులే; 2007 నుండి 64 వరకు గలవు. మూడు దాటి నాకెన్నడును పని పడలేదు.

అంకెలు అంకెలవలె గాక అక్షరములవలె వ్రాయబడియున్నచో 1, 10, 11, 2 అని నిలుచును. ఒంటిని చూచి పదిని దాని వెంట నిలిపి, రెండును వెనుకకు నెట్టును. అంకెయైనది సాధారణముగా గడిలో కుడివైపునకు, అక్షరమైనది ఎడమవైపునకు ఒదిగియుండును. గడి మూలను చిన్న పచ్చని ముక్కోణము గనబడినను అనుమానింపుడు. తేదీలకును ఇదే చిక్కు. అక్షరములైన తేదీలు సంవత్సరమును గాక దినమును ముందు జూచి వరుసకు వచ్చును. దీనికి విపరీతమును గలదు. సున్నతో మొదలగు పాసుపుస్తకపు సంఖ్యను అంకెగా వ్రాసిన ఆ ముందరి సున్న యెగిరిపోవును. పదునైదు స్థానములు మించిన సంఖ్యలో మించినవి సున్నలగును. అట్టివానిని అక్షరములుగనే వ్రాయవలయును. కూడుటకు పనికివచ్చునది అంకె, పిలుచుటకు మాత్రము పనికివచ్చునది అక్షరము.

తెలుగు మాసములను అకారాదిగా నిలిపినచో వచ్చు వింత చూడుడు. ఆశ్వయుజము ముందు, ఆషాఢము దాని వెంట, కార్తికము మూడవది, చైత్రము నాల్గవది! నోముల పట్టిక నొకదానిని ఇట్లు చేసి నేనే నవ్వుకొంటిని. దీనికి కస్టమ్ లిస్టు అను నుపాయము గలదు. చైత్రము మొదలు ఫాల్గుణము వరకు పండ్రెండును ఒకమారు మనము వ్రాసి యిచ్చినయెడల, తరువాత ఆ క్రమముననే నిలుపును.

మన యక్షరముల విషయమును ఒక మాట. 1991 నుండి యూనికోడ్ అను సంకేత పట్టికలో తెలుగునకు చోటు గలదు. అందులో అచ్చులు, హల్లులు చాలవరకు మన వర్ణమాల వరుసలోనే యున్నవి. అయినను పలకమీద దిద్దినపుడు హకారము తరువాత వచ్చు ళకారము అక్కడ లకారమునకు వెన్వెంటనే యున్నది. బండి ఱ రేఫమును ఆనుకొనియున్నది. క్ష యనునది వేరక్షరము గాక కకారము క్రిందికి జేరును. నాకిది మొదట కటువుగా దోచినది, పిదప అలవాటైనది. ఇంగ్లీషు లిపిలో పేర్లు వ్రాయుచోట ఇంతకంటె పెద్ద చిక్కు గలదు. ఒక్క లక్ష్మియే కె, ఎస్ అక్షరములతో నొకచోటను, ఎక్స్ అక్షరముతో మరియొకచోటను నిలుచును. ఇంటిపేరు ముందు వ్రాసినవారు, పొడియక్షరము మాత్రము వ్రాసినవారు, పిదప వ్రాసినవారు మూడు మూలల జేరుదురు. ఇంటిపేరునకు వేరు నిలువు వరుస నిచ్చుట మేలు. పేరునకు ముందు తెలియక పడిన ఖాళీయు పేరును తప్పుచోట నిలుపును. ట్రిమ్ అను సూత్రము దానిని దీసివేయును.

క్రమపరుపక, కావలసినవారిని మాత్రము చూచుటకు ఫిల్టరు గలదు. కంట్రోలు, షిఫ్టు, ఎల్ అను మూడింటిని కలిపి నొక్కిన ప్రతి శీర్షికకును చిన్న బాణము వచ్చును. బాకీ గలవారే కనబడవలెనన్న తక్కినవారు దాగుదురు, పోరు. వరుసలు తమ తావులను విడువవు గనుక సార్టుకంటె ఇది నిరపాయకరమని నా యభిప్రాయము. అయినను దాచితిమని మరచిపోయి, కనబడువారే యందరని లెక్కించు ప్రమాదము గలదు. ఎడమనున్న వరుసల యంకెలు నీలముగా మారియున్న ఫిల్టరు పడియున్నదని తెలిసికొనుడు. మరియు సమ్ అను కూడిక దాగినవారినిగూడ కూడును. కనబడువారి మొత్తమే కావలెనన్న సబ్‌టోటల్ అనుదానిని వాడవలయును.

మా జాబితాకు ఇప్పుడు నడుమ ఖాళీ వరుస లేదు, చూచుటకు కొంచెము ఇరుకుగా నున్నది. వరుస సంఖ్యలు అకారాదిలో నుంచినపుడు చెదరియే యుండును, వానిని దిద్దు కోరికయు నాకు పోయినది. ఆ వృద్ధురాలు క్రిందటి వేసవిలో కూతురి కాన్పునకై క్రొత్తగా అప్పు తీసికొన్నది. నెలనెల కిస్తు కట్టిన పిదప మా యింటికి వచ్చి, పాసుపుస్తకమును విప్పి నాయెదుట బెట్టి, కంప్యూటరులో తన వరుసను నా వ్రేలితో జూపించుకొని, రెండింటను ఒక్క యంకెయే యున్నదని నాచేత చదివించుకొని మరీ పోవుచున్నది.